పరీక్ష ఇచ్చేదెవరు, పుచ్చుకొనేదెవరు?

కిందటి నెల ఈ పుటలో ఇంగ్లీషు ఉత్తరాల చివర వ్రాసే మర్యాదమాటలను గురించి ముచ్చటించుకొన్నాము. ఆ సంచిక పాఠకుల చేతికి అంది పది రోజులు కాకముందే మాకు జాబులు రాసాగాయి. వాటిలో మర్యాదమాటల ఊసెత్తినవి రెండో మూడో. తక్కినవన్నీ వేరొక సంగతి పట్టుకొన్నాయి. ఇవి పరీక్షల రోజులు గదా! పిల్లవాడు హాలు టికెట్టు జేబులో పెట్టుకొని వెళ్ళి వచ్చాడు. ఆ వెళ్ళి చేసివచ్చిన పనిని ఇంగ్లీషులో ఏమని చెప్పాలి? 'రైట్' అనాలా, 'గివ్' అనాలా, 'టేక్' అనాలా? 'సిట్', 'అపియర్' అని కూడా వింటున్నామే, వాటి సంగతేమిటి? ఇదీ వారి ప్రశ్న.

హోసూరు నుంచి వ్రాసిన ఒక మాస్టారు 'ఐ రోట్ ది ఎగ్జామినేషన్' అన్నదే సిసలైన ఇంగ్లీషనీ, తాము ముప్ఫై యేళ్ళుగా అదే చెబుతున్నామనీ ఘంటాపథంగా సెలవిచ్చారు. షోలాపూరు సోదరులొకరు తమ అమ్మాయి 'ఐ గేవ్ ది ఎగ్జామ్' అంటుందనీ, ఆమె బడిలో అందరిదీ అదే మాట అనీ, మద్రాసు నుంచి వచ్చిన మేనమామ అది విని నవ్వాడనీ, నవ్విన మేనమామ 'రైట్' అనేసరికి ఈసారి నవ్వడం అమ్మాయి వంతయిందనీ వ్రాశారు. బరంపురం జాబులో ఇంకొక చిక్కు ఉంది. ఆ యింట్లో తాతగారు ఒకటంటే మనుమడు వేరొకటి అంటాడు. ఇద్దరూ ఆ ఊళ్ళోనే పుట్టి, ఆ ఊళ్ళోనే చదివినవారు.

ఈ జాబులన్నీ ఒకచోట పరచుకొని చూస్తే మాకొక సంగతి తోచింది. వీరెవరికీ వ్యాకరణం తెలియక కాదు. కర్త, కర్మ, కాలం అన్నీ చక్కగానే కుదిరాయి. అయితే ప్రతివారి ఇంగ్లీషు అడుగునా వారు మసలే ఊరి భాష ఒకటి ఉంది. పైకి వినిపించేది ఇంగ్లీషు మాటే అయినా, ఏ క్రియ వాడాలో చెప్పేది ఆ అడుగున ఉన్న భాష.

చూడండి. తెలుగులో పరీక్ష వ్రాస్తాము. అరవంలోనూ వ్రాస్తారు, కన్నడంలోనూ వ్రాస్తారు. అందుచేత మద్రాసులోనూ బెంగుళూరులోనూ హోసూరులోనూ పెరిగినవారికి ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు 'రైట్' అన్నది నాలుక చివరే ఉంటుంది. వింధ్య దాటి చూస్తే తీరు మారుతుంది. హిందీలో విద్యార్థి పరీక్ష 'దేతా హై', మాస్టారు పరీక్ష 'లేతా హై'. అంటే ఇచ్చేవాడు పిల్లవాడు, పుచ్చుకొనేవాడు గురువు. మరాఠీలోనూ అంతే: పిల్లవాడిది 'దేణే', గురువుది 'ఘేణే'. ఒరియాలోనూ ఇవ్వడం పిల్లవాడి వంతు, తీసుకోవడం బడి వంతు. షోలాపూరు అమ్మాయి 'గేవ్' అన్నదంటే అది చుట్టుపక్కల వినిపించే మరాఠీ మాట ఇంగ్లీషు చొక్కా తొడుక్కొని రావడమే.

చిక్కల్లా ఎక్కడంటే, ఇంగ్లీషులో ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళు సరిగ్గా తలకిందులు. అక్కడ ఇచ్చేవాడు గురువు, పుచ్చుకొనేవాడు శిష్యుడు. 'ది టీచర్ గివ్స్ ది ఎగ్జామినేషన్, ది స్టూడెంట్ టేక్స్ ఇట్'. ఇంగ్లండులోనైనా అమెరికాలోనైనా ఈ రెండు ముక్కల్లో తేడా లేదు. మన ఉత్తరాది పిల్లవాడు 'ఐ గేవ్ మై ఎగ్జామ్' అంటే, మన అలవాటు ఎరగని తెల్లవాడికి తోచేది ఆ అబ్బాయి ఎవరికో పరీక్ష పెట్టాడని. 'మై ప్రొఫెసర్ టుక్ అవర్ ఎగ్జామ్' అంటే ఇంకా విడ్డూరం. పాపం ప్రొఫెసరుగారు పిల్లల మధ్య బల్ల దగ్గర కూర్చొని తామూ జవాబులు వ్రాశారన్నమాట!

దీన్ని గుర్తు పెట్టుకోవడం కష్టమంటారా? మన పత్రికల్లోనే ఒక దారి ఉన్నది. కొత్త మంత్రులు 'ప్రమాణ స్వీకారం' చేశారని చదువుతుంటాము. స్వీకారం అంటే పుచ్చుకోవడమే గదా. ఎదుట నిలబడి ఆ ప్రమాణం చేయించేవారు గవర్నరుగారు. ఇంగ్లీషులోనూ అదే పొందిక: మంత్రి 'టేక్స్ ది ఓత్', గవర్నరు దాన్ని 'అడ్మినిస్టర్' చేస్తారు. పరీక్షకూ ఇవే రెండు క్రియలు చెల్లుతాయి. మంత్రిగారి చోట విద్యార్థిని నిలబెట్టండి, గవర్నరుగారి చోట మాస్టారిని నిలబెట్టండి, ఇక తడబాటు ఉండదు. ప్రమాణమైనా పరీక్షయినా పై నుంచి వచ్చేది, కింద ఉన్నవాడు తలవంచి అందుకొనేది అని ఇంగ్లీషువాడి ఊహ. మన హిందీ మరాఠీలలో ఊహ వేరు: నేర్చుకొన్నది గురువు చేతిలో అప్పజెప్పడమే పరీక్ష, కాబట్టి ఇవ్వడం శిష్యుడి పని. ఆలోచిస్తే రెండూ అందమైన ఊహలే. ఒకటి తెలివైనదీ ఒకటి తెలివితక్కువదీ అని మేము అనము.

అయినా ఇంతోటి క్రియకు ఇంత రాద్ధాంతమెందుకని కొందరు అడగవచ్చు. పూనా నుంచి వచ్చిన ఒక తల్లిగారి జాబు చదివిన తరువాత మాకు ఆ ప్రశ్న వేసే ధైర్యం లేదు. ఆమె కుమార్తె గణితశాస్త్రంలో దిట్ట. విదేశంలో ఒక కళాశాలకు దరఖాస్తు పెట్టింది. తనను గురించి వ్రాసుకొన్న పత్రంలో, 'గడచిన మూడేళ్ళూ మా కాలేజీలో స్టాటిస్టిక్సు పరీక్షలు ఇచ్చాను' అన్న భావంతో 'గివెన్' అన్న మాట వేసింది. అవతలి ఆఫీసువారు చదివి, ఈ అమ్మాయి కాలేజీలో పరీక్షాధికారిగా కూడా పని చేసిందనుకొన్నారు. ఆ ఉద్యోగానికి రుజువుగా కాలేజీ నుంచి ఒక ధ్రువపత్రం పంపమని అడిగారు. చేయని ఉద్యోగానికి ధ్రువపత్రం ఎక్కడ నుంచి తెస్తుంది? అడిగినదేమిటో ఆ పిల్లకు అర్థం కాలేదు. తాను అబద్ధం చెప్పినట్లు అనుమానిస్తున్నారేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదట. కాలేజీ గుమాస్తా చుట్టూ తిరిగి, ఒకరినొకరు అడుగుకొని, చివరకు సంగతి తేలి వివరంగా జవాబు వ్రాసేసరికి ఉపకార వేతనానికి పెట్టిన గడువు దాటిపోయింది. సీటు దక్కింది. డబ్బు మాత్రం ఇల్లు తాకట్టు పెట్టి తేవలసి వచ్చింది. 'ఒక్క మాట ఖరీదు ఇంత ఉంటుందని మాకు తెలియదు' అని ఆ తల్లి వ్రాశారు.

అందుచేత మా సలహా ఇది. ఇంట్లోనూ బడిలోనూ స్నేహితుల మధ్యా 'ఐ గేవ్ మై ఎగ్జామ్' అంటే అర్థం కానివారు మన దేశంలో లేరు. అన్న పిల్లను అదిలించనక్కర లేదు. కాని కాగితం ఊరు దాటి వెళుతున్నదనుకోండి, దరఖాస్తు అనుకోండి, సిఫారసు పత్రం అనుకోండి, అందులో 'గివ్' తీసివేసి 'టేక్' పెట్టండి. 'ఐ టుక్ ది ఫైనల్ ఎగ్జామినేషన్ ఇన్ ఏప్రిల్' అని వ్రాస్తే లండనులో చదివినా న్యూయార్కులో చదివినా సిడ్నీలో చదివినా ఒకటే అర్థం. మూడు అక్షరాల తేడా, అంతే.

ఇక 'రైట్' మాట. మన దక్షిణాదివారు ఉత్తరాదివారి 'గివ్' విని నవ్వుకొంటారు గాని, అంత నవ్వవలసిన పని లేదు. అమెరికావాడి చెవికి 'ఐ రోట్ ది ఎగ్జామ్' అంటే 'ఆ ప్రశ్నపత్రం తయారు చేసినది నేనే' అని వినిపిస్తుంది. అంటే 'గివ్' అన్నా, 'రైట్' అన్నా, ఎరగనివాడి ముందు శిష్యుడు గురువైపోతున్నాడు! హోసూరు మాస్టారు ఆ వాక్యాన్ని న్యూయార్కులో అంటే తప్పు పట్టేవారుండరు; ప్రశ్నపత్రాలు నిజంగానే వారు వ్రాస్తారు గనుక. అయితే 'రైట్'కు ఇంగ్లీషు దేశాలలోనే చుట్టాలు ఉన్నారు. కెనడాలో విద్యార్థులు పరీక్ష 'రైట్' చేయడం మామూలు వాడుక. దక్షిణాఫ్రికాలోనూ పిల్లలు 'మెట్రిక్' పరీక్ష 'రైట్' చేస్తారు. టొరంటోలో చదివే మనవాడు 'ఐ రోట్ మై ఎగ్జామ్స్' అని ఇంటికి వ్రాస్తే, ఇంకా హోసూరు వాసన పోలేదని ఎవరూ అనుకోవద్దు. అక్కడి తెల్లపిల్లలు అనేదీ అదే.

కాని 'రైట్' అన్ని పరీక్షలకూ అతకదు. కారు తోలే పరీక్షకు వెళ్ళినవాడు ఏమి వ్రాశాడు? సంగీతం పరీక్షలో వర్ణం పాడిన పిల్ల ఏమి వ్రాసింది? ఇప్పటి ఇంజనీరింగు ప్రవేశపరీక్షల్లో పిల్లవాడు కంప్యూటరు ముందు కూర్చొని నాలుగు జవాబులలో ఒకదాని మీద మీట నొక్కి వస్తాడు. కలం ముట్టుకొన్నది సంతకానికి మాత్రమే. ఇంటికి వచ్చి 'బాగానే వ్రాశాను, అమ్మా' అంటాడు. తెలుగులో అది చెల్లుతుంది. 'వ్రాయడం' మనకు పరీక్షతో అంతగా కలిసిపోయింది. ఇంగ్లీషులో మాత్రం వీటన్నిటికీ 'టేక్' ఒక్కటే సరిపోతుంది: డ్రైవింగు పరీక్షకూ, నోటి పరీక్షకూ, మీట నొక్కే పరీక్షకూ.

'సిట్' అన్నది ఇంగ్లండు మాట. 'షి సాట్ ది ఎగ్జామ్' అన్నా, 'సాట్ ఫర్ ది ఎగ్జామ్' అన్నా అక్కడ ఒప్పే. ఐ.సి.ఎస్.కు 'కూర్చున్నాడు' అని మన తాతల తరంవారు తెలుగులో కూడా అన్నారంటే ఈ 'సిట్' ప్రభావమే. ఆ పరీక్ష 1855 నుంచి లండనులోనే జరిగేది. ఇండియాలో కూడా జరపడం 1922లో గాని మొదలు కాలేదు. అంతకు ముందు ఆ పరీక్షకు కూర్చోవాలంటే మొదట ఓడలో కూర్చోవలసివచ్చేది!

'అపియర్' మాట మన యూనివర్సిటీల ఆఫీసులలో పెరిగినది. నోటీసులన్నీ దానితోనే నిండి ఉంటాయి. కోర్టులో హాజరైనట్లు పరీక్షలో హాజరు కావడమన్నమాట. మన దేశంలో దానికి ఢోకా లేదు. బయటివారికి కొంచెం ఎబ్బెట్టుగా ఉంటుంది. కాని దీనికొక గడుసుతనం ఉన్నది. పెళ్ళిసంబంధాల కాగితాలలో 'బి.ఏ. అపియర్డ్' అని కనపడితే చదివేవారు ఒక క్షణం ఆగాలి. ఫలితాలు ఇంకా రాలేదనా? వచ్చి, చెప్పుకొనేటట్లు లేవనా? హాజరైన మాట నిజమే, ఆపైన ఏమైనదో ఆ మాట చెప్పదు. ఇటువంటిదే మన తెలుగులో 'కట్టాడు' ఒకటి ఉన్నది. 'ప్రైవేటుగా బి.ఏ.కి కట్టాడు' అంటే ఫీజు కట్టినమాట మాత్రం ఖాయం. మెట్రిక్యులేషను మీద దండయాత్రలు చేసి డింకీలు కొట్టిన మహానుభావులందరూ కట్టినవారే.

ఇప్పుడు యానాం సోదరుల సంగతి. వారికి వచ్చే చిక్కు మనకెవరికీ రాదు. 1954 వరకు యానాం ఫ్రెంచివారి పాలనలో ఉండేది; చట్టప్రకారం మన దేశంలో కలిసినది 1962లో. ఫ్రెంచి బడుల్లో చదివిన పెద్దల యిళ్ళలో ఆ భాష మాటలు ఇంకా అక్కడక్కడ నిలిచి ఉన్నాయి. ఫ్రెంచిలో పరీక్షకు తగిలించే క్రియ 'పాసే'. వినడానికి అచ్చం మన 'పాస్' లాగే ఉంటుంది గదా! కాని దాని అర్థం పరీక్షకు వెళ్ళాడని మాత్రమే, గట్టెక్కాడని కాదు. గట్టెక్కడానికి 'రేయుస్సీర్' అని వేరే మాట ఉన్నది. అందుచేత ఫ్రెంచి వచ్చిన తాతగారు 'మావాడు నిన్న పరీక్ష పాసే చేశాడు' అన్న ధోరణిలో ఇంగ్లీషులో 'హి పాస్‌డ్ హిజ్ ఎగ్జామినేషన్ ఎస్టర్డే' అంటే, వినేవారు మిఠాయిలు ఎక్కడని అడుగుతారు. ఫలితాలకు ఇంకా రెండు నెలలున్నాయి! ఈ పొరపాటు యానాంవారిది మాత్రమే కాదు. ఫ్రాన్సులో ఇంగ్లీషు నేర్చుకొనే పిల్లలందరికీ గురువులు మొదట చెప్పే హెచ్చరికలలో ఇది ఒకటి.

'పాస్' ఎత్తుకొన్నాము గనుక 'పాస్ అవుట్' కూడా. 'ఐ పాస్‌డ్ అవుట్ ఆఫ్ కాలేజ్ ఇన్ 2015' అని మన యువకులు వ్రాస్తారు. డెహ్రాడూనులో సైనిక శిక్షణ ముగించుకొని కవాతు చేసి బయటికి వచ్చే యువకులకు 'పాసింగ్ అవుట్ పెరేడ్' అని పేరు. సైన్యంలో ఆ మాట ఒప్పే. కాలేజీకి వాడితే మాత్రం విదేశీయుడికి కళ్ళు తిరిగి పడిపోయాడని అర్థమవుతుంది. 'గ్రాడ్యుయేటెడ్' అంటే చాలు.

మళ్ళీ 'గివ్' దగ్గరకు వద్దాము, ఎందుకంటే అది పరీక్షతో ఆగలేదు. ఉద్యోగానికి వెళ్ళివచ్చిన అబ్బాయి 'ఐ గేవ్ యాన్ ఇంటర్వ్యూ టుడే' అంటాడు. ఇంగ్లీషులో ఇంటర్వ్యూ ఇచ్చేవారు సినిమా తారలు, మంత్రులు, ఆటగాళ్ళు. పత్రికలవారు వెంటపడితే వారు దయతలచి ఇస్తారు. ఉద్యోగం కోసం బల్లకు ఇవతల కూర్చున్నవాడు 'హ్యాడ్ యాన్ ఇంటర్వ్యూ' అనాలి, లేదా 'అటెండెడ్' అనాలి. అలాగే ఆస్పత్రిలో పరీక్షకు రెండు చుక్కలు నెత్తురు తీయించుకొని వచ్చినవారు 'ఐ గేవ్ బ్లడ్' అంటే రక్తదానం చేశారని అవతలివారు మెచ్చుకొంటారు. మెచ్చుకోలు వద్దనుకొంటే 'ఐ హ్యాడ్ ఎ బ్లడ్ టెస్ట్' అని చెప్పడం మంచిది.

'టేక్' కూడా ఎల్లవేళలా శిష్యుడి పక్షాన ఉంటుందనుకోకండి. క్లాసు దగ్గర అది గోడమీది పిల్లి. అమెరికాలో 'టేక్ ఎ క్లాస్' అంటే చదువుకోవడం. ఇంగ్లండులో మాస్టారు కూడా క్లాసు 'టేక్' చేయవచ్చు, అంటే పాఠం చెప్పవచ్చు. మన దేశంలో 'హి టేక్స్ ట్యూషన్స్' అంటే చెప్పేవాడనే. తెలుగులో ఈ బాధ లేదు: 'ట్యూషను చెబుతాడు', 'ట్యూషనుకు వెళతాడు'. ఎవరు ఎటువైపు ఉన్నదీ క్రియే చెబుతుంది.

ఆ మాట మీదనే మేము అసలు చెప్పదలచుకొన్నది ఉంది. ఇంగ్లీషులో 'గివ్' వచ్చినందుకు మాకు అంత బెంగ లేదు; దరఖాస్తు నాడు దిద్దుకోవచ్చు. షోలాపూరులోనూ నాగపురంలోనూ బరంపురంలోనూ మన పిల్లలు ఇప్పుడు తెలుగులోనే 'పరీక్ష ఇచ్చాను' అంటున్నారు. ఇది ఎందరు గమనించారో తెలియదు. ఒక నాయనమ్మగారు మనుమరాలి మాట విని, 'ఎవరికిచ్చావే? మళ్ళీ ఎప్పుడిస్తామన్నారు?' అని అడిగిందట. ఆమె వేళాకోళానికి అడగలేదు. ఆమె ఎరిగిన ఇంటి తెలుగులో పరీక్ష పెట్టేవారు మాస్టర్లు, వ్రాసేవారు పిల్లలు, ఇచ్చేది చేబదులు.

మనుమరాలి తప్పు మాత్రం ఏముంది? రోజుకు ఎనిమిది గంటలు ఆ పిల్ల చెవిన పడేది మరాఠీ, హిందీ. రాత్రి అన్నం దగ్గర అరగంట తెలుగు. మాటలు తెలుగువే గాని, వాటిని నడిపే క్రియ బడి నుంచి వెంట వచ్చింది. బరంపురం తాతగారికీ మనుమడికీ ఉన్న తేడా కూడా ఇదే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు బరంపురం మద్రాసు రాజధానిలోనిది. తాతగారికి పాఠాలు చెప్పినవారు ఆ కాలంలో చదివినవారు అయివుంటారు. ఆయన తెలుగు బడిలో చదివారు, అందుకని 'వ్రాశాను' అంటారు, ఇంగ్లీషులోనూ 'రోట్' అంటారు. మనుమడి తోటిపిల్లలు ఒరియావారు, అందుకని వాడు రెండు భాషలలోనూ 'ఇస్తాడు'. ఎవరి ఈడు స్నేహం వారిది.

వలస వచ్చిన చోట నాలుగు తరాలు గడిచినా తెలుగు నిలబెట్టుకొన్న కుటుంబాలు మనవి. పప్పు, పచ్చడి, చుట్టరికాల పేర్లు, పండుగ మాటలు ఇవి త్వరగా పోవు, నామవాచకాలు గట్టివి. ముందు జారిపోయేవి ఇటువంటి చిన్న క్రియలే. స్నానం 'తీసుకొన్నాను', ఫోటో 'ఖీంచాను' అని విన్నప్పుడు మేము చెవులు మూసుకోము గాని, రాత్రి అన్నం దగ్గర ఆ అరగంటలో పెద్దలు సరియైన క్రియను పైకి అనాలని మాత్రం అంటాము. దిద్దవద్దు, ఊరికే అనండి. పిల్ల 'అమ్మా, ఇవాళ లెక్కల పరీక్ష ఇచ్చాను' అంటే, 'ఎలా వ్రాశావమ్మా?' అని అడిగితే చాలు. ఆ అడగడంలోనే పాఠం ఉంది. షోలాపూరు సోదరులకు మా జవాబూ ఇదే. మీ అమ్మాయి మరాఠీలో పరీక్ష ఇవ్వనివ్వండి, తెలుగులో వ్రాయనివ్వండి, ఇంగ్లీషులో పుచ్చుకోనివ్వండి. పిల్లలు మూడు క్రియలు మోయలేరని ఎవరన్నారు? మనం మోయించకపోవడమే గాని! మేనమామగారిని మాత్రం ఇంకొకసారి నవ్వే ముందు కెనడాలో లేనప్పుడు తాము అనే 'రైట్' సంగతి ఆలోచించుకోమనండి.

కటకం నుంచి ఒక సోదరి, మాస్టారి తరఫు మాటలు కూడా చెప్పమన్నారు, ఆమె బడిపంతులమ్మగారట. ప్రశ్నపత్రం తయారు చేయడం 'సెట్', పరీక్ష జరపడం 'హోల్డ్' లేదా 'కండక్ట్', గదిలో కాపలా తిరగడం 'ఇన్విజిలేట్'. అమెరికావారు దీన్ని 'ప్రాక్టర్' అంటారు. జవాబుపత్రాలు దిద్దడాన్ని మనం 'కరెక్ట్' అంటాము. ఇంగ్లండులో 'మార్క్', అమెరికాలో 'గ్రేడ్' ఎక్కువ వాడుక. పిల్లలకు మార్కులు 'వేయడం' ఏమిటని కూడా ఆమె అడిగారు. ఆ 'వేయడం' పెద్ద కథ. వచ్చే నెలకు ఉంచుతున్నాము. ఈలోగా మీ ఊళ్ళో మార్కులు వేస్తారో, ఇస్తారో, పెడతారో మాకు వ్రాయండి.